అమ్మకు ఒక రోజు

పోయిన సంక్రాంతికి, భోగి ఇంకా రెండు రోజులుందనగా, తిరువళ్లూరులో మా తమ్ముడి ఇంటికి వెళ్లాను. అమ్మ వాడి దగ్గరే ఉంటుంది. "అమ్మణ్ణీ, నా బీరువా కొంచెం సర్దిపెట్టు. నాకు చేతులు పైకి లేస్తా లేవు" అంది. సరేనని తలుపు తీశాను.

పై అరలో పదకొండు చీరలున్నాయి. ఒక్కదానికీ మడత విప్పలేదు. కొన్నిటి లోపల కొట్టువాళ్లు పెట్టిన అట్టముక్క కూడా అలాగే ఉంది. వాటి వెనుక ఒక ఫ్లాస్కు, కాళ్లు పట్టే యంత్రం, వెండి కుందులు, పెట్టెలోంచి బయటికి రాని సెల్‌ఫోను. అన్నీ నేను ఇచ్చినవే. ఉగాదికొకటి, దీపావళికొకటి, పుట్టినరోజుకొకటి, బ్యాంకులో ఎరియర్స్ వచ్చినప్పుడల్లా మరొకటి.

"ఏంటమ్మా ఇది, ఒక్కటి కూడా వాడలేదే!" అన్నాను.

"నువ్విచ్చినవి కదా, భద్రంగా పెట్టినా" అంది అమ్మ. కాసేపాగి, "కట్టుకోని యాడికి పోయేది?" అంది.

నిష్ఠూరంగా అన్న మాట కాదది. మామూలుగానే అంది. కానీ ఆ మాట నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. బి.కాం.లో మాకు తరుగుదల అని ఒక పాఠం ఉండేది. కొన్న వస్తువు విలువ వాడినా తగ్గుతుంది, వాడకుండా ఉంచినా తగ్గుతుంది. ముప్ఫై ఏళ్లుగా ఇతరుల లెక్కలు చూస్తున్నదాన్ని, మా అమ్మకు నేను ఇచ్చినవాటి లెక్క మాత్రం ఒక్కసారీ చూసుకోలేదు.

నాన్న అడిగిన నీళ్లు

ఈ సందర్భంలో మా నాన్న సంగతి చెప్పక తప్పదు. ఆయనది కృష్ణా జిల్లా దివిసీమ. పెరంబూరు ఐ.సి.ఎఫ్.లో ఉద్యోగం. తిరువళ్లూరులో కాపురం పెట్టి, రోజూ లోకల్ రైల్లో పోయివచ్చేవారు. 1996లో రిటైరయ్యారు. ఆ ఏడాదే కృష్ణ నీళ్లు పూండి జలాశయానికి వచ్చాయి.

పూండి తిరువళ్లూరుకు పది పన్నెండు కిలోమీటర్ల దూరం. చెన్నపట్నం తాగునీటి కోసం కొసస్తలైయారు మీద 1944లో పూర్తిచేసిన జలాశయమది. ఆ పనికి పూనుకున్న సత్యమూర్తిగారి పేరు పెట్టారు. ఎన్.టి.రామారావు, ఎం.జి.రామచంద్రన్ ముఖ్యమంత్రులుగా ఉండగా 1983 ఏప్రిల్ 18న రెండు రాష్ట్రాల మధ్య తెలుగుగంగ ఒప్పందం కుదిరింది. శ్రీశైలంలో బయలుదేరిన నీరు సోమశిల, కండలేరు దాటి, ఊత్తుకోట దగ్గర తమిళనాడులోకి వచ్చి పూండి చేరుతుంది. పదమూడేళ్లు కాచుకుంటే వచ్చిన నీళ్లవి.

"అమ్మాయ్, మన కృష్ణ మన గుమ్మంలోకి వచ్చిందట. ఒకసారి తీసుకెళ్లి చూపించు" అన్నారు నాన్న.

"అలాగే నాన్నా, మార్చి ముగియనీ" అన్నాను.

బ్యాంకు ఉద్యోగం చేసేవాళ్ల ఇళ్లలో ఈ మాట పరిచయమే. ఆ మార్చి ముగిసింది. తరవాత సెప్టెంబరు అర్ధ సంవత్సరం లెక్కలు, పిల్లల పరీక్షలు, ప్రమోషను, దాంతోపాటు కోయంబత్తూరుకు బదిలీ. పోనీ నాన్నను పట్టించుకోలేదా అంటే, అదీ కాదు. కలర్ టీవీ కొనిచ్చాను. మంచి చేతిగడియారం కొనిచ్చాను. ఆయన మాత్రం తన పాత గడియారానికే తాళం ఇచ్చుకునేవారు. 2011 వర్షాకాలంలో పోయారు. లెక్క వేస్తే పదిహేను మార్చిలు ముగిశాయి. పన్నెండు కిలోమీటర్లు మాత్రం ముగియలేదు.

కౌంటరు ముందు పెద్దలు

ఏటా నవంబరులో మా బ్రాంచికి పింఛనుదారులు వస్తారు. తాము బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇవ్వాలి కదా. 2014 నవంబరులో కేంద్ర ప్రభుత్వం జీవన్ ప్రమాణ్ మొదలుపెట్టాక వేలిముద్రతో పని అయిపోతోంది. ఆ తరవాత ఇంట్లో ఫోను ముందు ముఖం చూపించినా చాలన్నారు. ఎనభై దాటినవాళ్లకు అక్టోబరు ఒకటి నుంచే వీలు కల్పించారు. అయినా ఆటో ఎక్కి, చేతికర్ర పట్టుకుని బ్యాంకుకే వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. పని పది నిమిషాల్లో అయిపోతుంది. వాళ్లు మాత్రం గంటసేపు ఫ్యాను కింద కూర్చుంటారు.

"ఇంటినుంచే చేసుకోవచ్చు కదండీ, ఇంత ఎండలో ఎందుకు వచ్చారు?" అని ఒక పెద్దాయనను అడిగాను. "ఇంట్లో అన్నీ ఉన్నాయమ్మా. మా అబ్బాయి ఏ లోటూ రానివ్వడు. ఇక్కడికొస్తే నలుగురి ముఖాలు కనిపిస్తాయి" అన్నారు.

అప్పుడు నవ్వి ఊరుకున్నాను. అమ్మ బీరువా చూశాక ఆ మాట మళ్లీ గుర్తుకొచ్చింది.

అమ్మ ఏమడిగింది

"అమ్మా, ఈ ఏడు నీ పుట్టినరోజుకు వస్తువేదీ కొనను. నిన్ను ఎక్కడికైనా తీసుకెళ్తాను. ఎక్కడికి వెళ్దామో నువ్వే చెప్పు" అన్నాను. కాశీ అంటుందేమో, రామేశ్వరమంటుందేమో అనుకున్నాను. నిజానికి కాశీ ఒకసారి అయింది. నాన్న పోయిన తరవాత నేనూ తమ్ముడూ కలిసి ఒక యాత్ర బస్సులో అమ్మను పంపించాం. పది రోజుల్లో తొమ్మిది ఊళ్లు తిప్పారు. వాచిన కాళ్లతో తిరిగివచ్చింది. ఎలా ఉందమ్మా అంటే, "బస్సు బాగుండె" అంది.

ఈసారి అమ్మ ఆలోచించకుండానే చెప్పింది. "తిరుత్తణి మెట్లకు పసుపు పెట్టాల."

"తిరుత్తణా! ఆరు నెలల కిందటే కదా కారులో వెళ్లి దర్శనం చేసుకొచ్చాం?"

"కార్లో పోయినాము, కార్లో వచ్చినాము. తిరుత్తణి యాడ చూసినాము?" అంది.

అమ్మ పుట్టి పెరిగింది తిరుత్తణిలోనే. కొండమీది సుబ్రహ్మణ్యస్వామి గుడికి 365 మెట్లున్నాయి. ఏడాదిలో రోజుకొక మెట్టు చొప్పున అని చెబుతారు. ఆంగ్ల సంవత్సరాది ముందురోజు రాత్రి అక్కడ మెట్ల ఉత్సవం జరుగుతుంది. ఒక్కొక్క మెట్టు దగ్గరా ఆగి పాటలు పాడుతూ, కర్పూరం వెలిగిస్తూ భక్తులు కొండెక్కుతారు. వల్లిమలై సచ్చిదానంద స్వామి దీన్ని మొదలుపెట్టారు. ఆ కాలంలో జనవరి ఒకటిన మనవాళ్లు పళ్లు, పూలదండలు పట్టుకుని దొరల బంగళాలకు వెళ్లేవారట. కానుకలు దొరలకెందుకు, స్వామి దగ్గరికి పోదాం రండి అని ఆయన జనాన్ని కొండవైపు తిప్పారని చెప్పుకుంటారు. మా అమ్మమ్మ అమ్మను వెంటబెట్టుకుని ఏటా ఆ మెట్లకు పసుపు రాసి, కుంకుమ పెట్టేది. పసుపు గిన్నె పట్టుకోవడం అమ్మ పని.

అప్పట్లో తిరుత్తణి ఆంధ్రదేశంలోనే, చిత్తూరు జిల్లాలో ఉండేది. ఆ ప్రాంతం కోసం మా.పొ.శివజ్ఞానం వంటి వారు ఉద్యమం నడిపారు. పటాస్కర్ సిఫారసుల మీద 1959లో చట్టం వచ్చి, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రంలో కలిసింది. చెంగల్పట్టు జిల్లా గ్రామాలు కొన్ని ఆంధ్రకు వచ్చాయి. అప్పుడు అమ్మకు పదిహేనేళ్లు. "పండుకున్నప్పుడు చిత్తూరు జిల్లా, లేసేతలికి మద్రాసు. మంచం మాత్రం ఆడనే ఉండె" అని ఇప్పటికీ నవ్వుతుంది. ఆ రోజుల్లో ఉపరాష్ట్రపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888 సెప్టెంబరు 5న తిరుత్తణి తెలుగు కుటుంబంలోనే పుట్టారు. "మా ఊరాయన" అని అమ్మ అనే తీరు చూస్తే, ఎదురింటాయనేమో అనుకోవాలి.

ఆ రోజు

ఫిబ్రవరిలో రెండో శనివారం బయలుదేరాం. నేను, అమ్మ, కాలేజీలో చదివే మా మేనకోడలు. కారు వద్దు, రైల్లో పోదామంది అమ్మ. తెల్లవారేసరికి స్నానం చేసి తయారైంది. కట్టుకున్నది నేనిచ్చిన ఆవపువ్వు రంగు చీర. ఏళ్ల తరబడి మడతలో ఉండడం వల్ల గీతలు ఇంకా పోలేదు. ఏమీ అనకుండా కొంగు సర్దాను. "టికెట్టు నేనే తీస్తా" అని పర్సు తీసింది. వద్దనబోయి ఆగిపోయాను.

తిరువళ్లూరు నుంచి తిరుత్తణి రైలు దారిలో నలభై కిలోమీటర్లు. కడంబత్తూరు, మణవూరు, తిరువాలంగాడు, అరక్కోణం అని అమ్మ ఒక్కో స్టేషను పేరూ అది రాకముందే చెబుతోంది. తిరువాలంగాడు రాగానే, నటరాజస్వామి అయిదు సభల్లో రత్నసభ ఇదేనని మనవరాలికి చెప్పింది. ఇరవై ఏళ్లుగా అమ్మను మేము ఎక్కడికి తీసుకెళ్లినా దారి మాకే తెలుసు. ఆ రోజు దారి తెలిసిన మనిషి అమ్మ.

తిరుత్తణిలో దిగాక ముందు తాను పుట్టిన వీధికి పోదామంది. ఆటో అబ్బాయికి అరవంలో మలుపులు చెప్పింది. చివరికి దిగిన చోట అమ్మ చెప్పిన పెంకుటిల్లు లేదు. మూడంతస్తుల మేడ, కింద సెల్‌ఫోన్ల దుకాణం. అమ్మ రోడ్డు మీద నిలబడి అటూ ఇటూ చూసింది. "వేపచెట్టు ఉండాల ఈడ" అంది మెల్లగా. ఎందుకు తీసుకొచ్చానా అని నా గుండె జారింది. కొనిచ్చిన చీర నచ్చకపోతే మార్చుకోవచ్చు. ఇలాంటిది ఎక్కడ మార్చుకోవాలి?

పక్కింటి అరుగు మీద ఒక ముసలామె చేటలో బియ్యం ఏరుకుంటోంది. అమ్మ వెళ్లి తెలుగులోనే అడిగింది. ఆమె కూడా తెలుగులోనే జవాబిచ్చింది. ఇక చూడండి! ఎవరి కోడలు ఎవరు, ఏ బావి ఎప్పుడు పూడ్చారు, ఏ పంతులమ్మ ఎవరిని కొట్టింది, అన్నీ దొర్లాయి. వాళ్లిద్దరికీ చిన్నప్పుడు పరిచయం లేదు. ఇద్దరికీ తెలిసిన మనుషులు మాత్రం నలుగురు తేలారు. ముక్కాలు గంట గడిచింది. నేను గడియారం చూసుకోబోతే మేనకోడలు నా చెయ్యి పట్టుకుని ఆపింది.

కొండకింద మెట్ల దగ్గర పసుపు, కుంకుమ, కర్పూరం కొన్నాం. అమ్మ వంగి మొదటి మెట్టుకు పసుపు రాసింది. మేనకోడలు కుంకుమ బొట్లు పెట్టింది. నేను కర్పూరం వెలిగించాను. ఇరవై ఒక్క మెట్ల దాకా వచ్చాక అమ్మ పక్కకు కూర్చుంది. "నాకింతే. మిగిలినవి బిడ్డ పెడతాది. నేను చూస్తా ఉంటా" అంది. ఆ పిల్ల పసుపు గిన్నె తీసుకుని పైకి సాగింది. నేను అమ్మ పక్కనే కూర్చున్నాను.

కొంతసేపటికి అమ్మ హఠాత్తుగా, "మీ నాయన పూండి చూసినాడు, తెలుసునా?" అంది.

నాకు నోట మాట రాలేదు.

"నువ్వు కోయంబత్తూరులో ఉండినప్పుడు. ఇద్దరమూ బస్సులో పోయినాము. గట్టు దిగి, నీళ్లు దోసిట్లో తీసుకోని తలమీద చల్లుకున్యాడు. అమ్మాయితో చెప్పకు, బాధపడుతుంది అన్యాడు."

"మరి ఆ తరవాత కూడా ఎప్పుడు తీసుకెళ్తావని నన్ను అడుగుతూనే ఉన్నారు కదమ్మా?"

"నీళ్లకేముంది, చూసినాడు. నీతో పోవాలనుండె ఆయనకు" అంది.

గాలికి కర్పూరం ఆరిపోయింది. మళ్లీ వెలిగించాను. ఆయన అడిగింది నీళ్లని అనుకుని ఇన్నేళ్లు బాధపడ్డాను. అడిగింది నా ఒక్క పూట అని ఆ మెట్టు మీద తెలిసింది.

దర్శనానికి ఆటోలో రోడ్డు దారిన కొండపైకి వెళ్లాం. మేనకోడలు చేతులనిండా పసుపుతో పైన మాకు ఎదురొచ్చింది. ఆ రోజు ముగ్గురికీ అయిన ఖర్చు, బీరువాలోని ఒక చీర ఖరీదులో నాలుగోవంతు కూడా లేదు. తరవాత రెండు నెలలపాటు అమ్మ చుట్టాలందరికీ ఫోన్లు చేసి ఆ కథే చెప్పింది. చెప్పిన ప్రతిసారీ మెట్ల సంఖ్య కొంచెం పెరిగింది. మొన్న విన్నప్పుడు యాభై దాటింది.

చదువుకున్నవాళ్ల మాట

ఇది మా ఇంటి ముచ్చటే కాదు. అమెరికాలో లీఫ్ వాన్ బోవెన్, థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2003లో ఒక పరిశోధన ప్రకటించారు. కొన్న వస్తువుకన్నా, గడిపిన అనుభవమే మనుషులకు ఎక్కువ సంతోషమిస్తోందని అందులో తేలింది. వస్తువు అలవాటైపోతుంది. అనుభవాన్ని తలుచుకోవచ్చు, పదిమందికీ చెప్పుకోవచ్చు. 2014లో అమిత్ భట్టాచార్జీ, కాసీ మోగిల్నర్ ఇంకొక సంగతి చూపించారు. పడుచువాళ్లకు అరుదైన, గొప్ప అనుభవాలు ఎక్కువ సంతోషమిస్తాయి. ముందున్న కాలం తక్కువని తోచేకొద్దీ మామూలు రోజువారీ అనుభవాలు కూడా అంతే సంతోషమిస్తాయి. కాశీ బస్సుకన్నా తిరుత్తణి రైలు మా అమ్మకు ఎందుకు నచ్చిందో ఇది చదివాక నాకు బోధపడింది.

ప్రభుత్వాలు కూడా ఈ దారి పట్టాయి. వృద్ధులను ఉచితంగా తీర్థయాత్రలకు పంపే పథకం 2012లో మధ్యప్రదేశ్‌లో మొదలైంది. 2024లో తమిళనాడు దేవాదాయ శాఖ, 60 నుంచి 70 ఏళ్ల లోపు వారిని తిరుత్తణితో సహా ఆరు సుబ్రహ్మణ్య క్షేత్రాలకు ఉచితంగా తీసుకెళ్లడం ప్రారంభించింది. తోడులేని వారికి ఇవి పెద్ద మేలు. పక్కన కూర్చుని ఆ పాత కథ వినే మనిషిని మాత్రం ఏ పథకమూ పంపలేదు.

మీరూ తలపెడితే

మా అనుభవం వల్ల తెలిసిన నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది, అడగాలి. మనకు నచ్చిన చోటికి వాళ్లను మోసుకెళ్లడం కానుక కాదు. "ఏమీ వద్దు" అంటే అక్కడితో వదలకుండా, నాలుగు రోజులాగి మళ్లీ అడగాలి. రెండోది, రోజుకు ఒక్క చోటు చాలు. పొద్దున్నే బయలుదేరి ఎండ ముదరకముందే నీడ పట్టున చేరాలి. మందులు, మంచినీళ్లు వెంట ఉండాలి. లోకల్ రైళ్లలో మరుగుదొడ్డి ఉండదు కాబట్టి ఆ సంగతి ముందే చూసుకోవాలి. మూడోది, వాళ్లకొక పని ఉంచాలి. దారి చెప్పడమో, టికెట్టు తీయడమో, బేరమాడడమో. మనం అన్నీ చేసేస్తే వాళ్లు సామాను అయిపోతారు. నాలుగోది, ఫోటోలు రెండు చాలు.

అసలు వస్తువులే ఇవ్వకూడదని నేననడం లేదు. కళ్లజోడు, వినికిడి యంత్రం, మంచి చెప్పులు, చేతికర్ర, ఇవి కానుకలు కావు, అవసరాలు. అవి ఇచ్చి తీరాలి. కదలలేని వాళ్లుంటే చోటునే ఇంటికి తేవచ్చు. పాత స్నేహితురాలిని ఒక పూట భోజనానికి పిలిపించినా చాలు. పరదేశాల నుంచి రెండు వారాల సెలవు మీద వచ్చే పిల్లలకు ఒక విన్నపం. పెట్టెలో తెచ్చే సామాను కొంత తగ్గించి, ఆ పద్నాలుగు రోజుల్లో ఒక్క రోజు వాళ్లకని రాసిపెట్టండి. ఆ రోజు పెళ్లిళ్లు, పేరంటాలు, షాపింగు ఏవీ పెట్టుకోకండి.

ఇక చివరి ముచ్చట. ఆ మార్చిలోనే, ముగియకుండానే, అమావాస్యనాడు సెలవు పెట్టాను. తిరువళ్లూరు వీరరాఘవస్వామి గుడికి అమ్మను తీసుకెళ్లాను. 108 దివ్యదేశాల్లో ఒకటైన ఈ ఆలయం అహోబిల మఠం నిర్వహణలో ఉంది. అక్కడి హృత్తాపనాశిని కోనేట్లో బెల్లం వేస్తే, అది కరిగినట్టే రోగాలూ కరుగుతాయని నమ్మకం. మోకాళ్లు పట్టేశాక అమ్మ ఆ అలవాటు మానేసింది. ఇంటికి అంత దగ్గర్లో ఉన్నా, తోడు రమ్మని ఎవరినీ అడగలేదు. ఆ రోజు బెల్లం వేసి, అక్కడినుంచి పూండి వెళ్లాం. నీళ్లు తక్కువగానే ఉన్నాయి. "మీ నాయన కూచున్నది ఈడనే" అని అమ్మ గట్టు మీద ఒక చోటు చూపించింది. ఇద్దరం అక్కడే కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తిన్నాం.

మన పత్రిక వచ్చే సంచికకు మూడు నెలల వ్యవధి ఉంది. ఈలోగా రెండో శనివారాలు మూడు వస్తాయి. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే, ఎక్కడికి వెళ్దామని వాళ్లను ఈ రాత్రి భోజనాల దగ్గరే అడగండి.